పదిహేడో కుర్చీలో పొద్దుటి మనిషి

ఆగస్టు 5, సోమవారం

పాసేజీలు నాలుగు. ప్రశ్నలు పదహారు. ఒప్పు తొమ్మిది, తప్పు ఏడు. ఏడూ అజాగ్రత్త వల్ల పోయినవే.
వచ్చింది: 9. రావలసింది: 16.

ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలు. పోయిన ఏడాది మేనేజ్‌మెంట్ కాలేజీల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో మొత్తం మీద 95.1 పర్సెంటైల్ వచ్చింది. లెక్కల్లో 99. ఇంగ్లీషు పాసేజీలు చదివి జవాబులు పెట్టే భాగంలో మాత్రం 68.4. నాకు కావలసిన కాలేజీ ప్రతి భాగంలోనూ కనీసం 70 అడుగుతుంది. ఒక్క ప్రశ్న తేడా. అదీ అజాగ్రత్తే.

మా ఆవిడ రోహిణి ఒప్పుకుంది. "ఇంకొక్కసారి. మూడోసారి మాట నా దగ్గర ఎత్తొద్దు" అంది.

రాస్కర్ శేట్ కూడా గడువు పెట్టాడు. మార్కెట్ యార్డ్ పూల విభాగంలో పదకొండేళ్ళుగా ఆయన కాటా దగ్గర నిలబడేది నేనే. కొత్త సంవత్సరం నుంచి దుకాణం చూసుకో, భాగం ఇస్తాను అన్నాడు. డిసెంబరు ఆఖరులోగా చెప్పాలి. కాదంటే ఇంకొకరు కూర్చుంటారు. ఆ గద్దె మీద కూర్చున్నవాడు ఇక లేవడు. శేట్ లేచి ముప్ఫయ్యేళ్ళయింది.

ఆగస్టు 9, శుక్రవారం

నారాయణ పేఠలో పరచురే కాకు (అందరూ పిన్నీ అన్నట్టు ఆమెని కాకు అంటారు) మేడ మీద అభ్యాసికలో, అంటే అద్దె చదువు గదిలో, చేరాను. పోయిన ఏడాది ఇంట్లోనే చదివాను, దానివల్లే తగ్గిందని నా అనుమానం. నలభై కుర్చీలు, నలభై బల్లలు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు. నాకు పదిహేడు. పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఇంకొకరు. మార్కెట్ పని పన్నెండుకి అయిపోతుంది కాబట్టి నాది రెండో పూట.

కుర్చీ ఒకటే, బల్ల ఒకటే, గోడకున్న అర కూడా ఒకటే. పై గూడు పొద్దుటి మనిషిది, కింది గూడు నాది. తలుపు లేదు, తాళం లేదు. కాకుని అడిగితే, "నలభై ఏళ్ళుగా ఇక్కడ ఎవరి పెన్సిలూ పోలేదు. నీ పెన్సిల్ బంగారందా?" అంది.

తప్పుల పుస్తకం కింది గూట్లో పెట్టి వస్తున్నాను. రోజూ బస్సులో తేవడం, తీసుకెళ్ళడం కష్టం. ఈ డైరీ మాత్రం ఇంట్లోనే.

ఆగస్టు 14, బుధవారం

పాసేజీలు ఐదు. ఇరవైలో పన్నెండు. వచ్చింది: 12. రావలసింది: 19.

పక్క కుర్చీ, పద్దెనిమిది, భోకరేది. అతనూ ఇదే పరీక్ష, అతనికీ ఇది రెండోసారి. కోచింగ్‌కి కూడా వెళ్తాడు. నాకు అలాంటిదేమీ లేదు. బి.కామ్ కూడా దూరవిద్యలో, కాటా పక్కన బస్తాల మీద కూర్చుని చదివిందే.

టీ తాగుతూ ఆదివారం నమూనా పరీక్షలో ఎంత వచ్చిందని అడిగాడు. 91 వస్తే 86 అని చెప్పాను. అతను 84 అన్నాడు. అంటే 89 దాకా వచ్చి ఉంటుంది. ఇక్కడ ఎవరూ నిజం చెప్పరు. చెప్పకూడదు కూడా. మార్కులైతే ఎవరివి వాళ్ళవి. పర్సెంటైల్ అలా కాదు. ఇంకొకడు ఒక మెట్టు ఎక్కితే నేను దిగినట్టే.

ఆగస్టు 22, గురువారం

తప్పుల పుస్తకంలో పద్నాలుగో పేజీ, మూడో ప్రశ్న పక్కన ఒక చుక్క ఉంది. పెన్సిల్‌తో పెట్టింది. నేను పెట్టలేదు.

ఆగస్టు 23, శుక్రవారం

నేనే పెట్టి మరచిపోయానేమో అనుకున్నాను. కాదు. నాది హెచ్‌బీ పెన్సిల్. ఆ చుక్క అంతకన్నా నలుపు. ఇవాళ ఇంకో నాలుగు ఉన్నాయి.

ఆగస్టు 26, సోమవారం

పదకొండు చుక్కలు.

పుస్తకంలో నేను రాసేది ఇది. ప్రశ్న నంబరు, పెన్సిల్‌తో నా జవాబు, పక్కన అసలు జవాబు, తప్పయితే కారణం. పైన అప్పుడప్పుడు నేను కనిపెట్టిన చిట్కాలు, ముఖ్యంగా లెక్కలవి. ఎవరో వాటిని ఎత్తి రాసుకుంటున్నారు. రాసుకున్న చోట గుర్తు కోసం చుక్క పెట్టుకుంటున్నారు. ఇంకేముంటుంది?

భోకరే అయివుండాలి. నేను రాత్రి ఎనిమిదింటికే లేచి ఇంటికెళ్తాను, అతను తొమ్మిది దాకా ఉంటాడు.

ఆగస్టు 27, మంగళవారం

భోకరే టీకి పిలిచాడు. తలనొప్పి అన్నాను.

ఆగస్టు 30, శుక్రవారం

మార్కెట్లో నేర్చుకున్నది ఒకటుంది. బస్తాలో పైన పువ్వు పొడిగా కనిపిస్తే చెయ్యి అడుగు దాకా పోనివ్వాలి. నీళ్ళు కిందనే ఉంటాయి. బరువు కోసం తడిపి తెస్తారు. పైది ఎంత పొడిగా ఉంటే అనుమానం అంత పెరగాలి. పదకొండేళ్ళలో నన్ను మోసం చేసినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ నవ్వుతూ వచ్చారు.

భోకరే కూడా నవ్వుతూనే ఉంటాడు.

సెప్టెంబరు 2, సోమవారం

పుస్తకంలో నలభయ్యో పేజీ దగ్గర ఒక వెంట్రుక అడ్డంగా పెట్టి మూసి వచ్చాను. తెరిస్తే జారిపోతుంది. నా జుట్టు పొట్టిది, పనికిరాదు. రోహిణి దువ్వెన నుంచి తీసుకున్నాను.

సెప్టెంబరు 3, మంగళవారం

వెంట్రుక ఉన్నచోటే ఉంది. చుక్కలు మాత్రం ఆరు పెరిగాయి. అంటే మామూలువాడు కాదు.

సెప్టెంబరు 5, గురువారం

రోహిణి చూసింది. దువ్వెన పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాను.

"ఏం చేస్తున్నారు?"

ఏం లేదన్నాను.

"మూడు రోజుల్నుంచి చూస్తున్నాను. నా వెంట్రుకలు పొట్లం కట్టి పట్టుకెళ్తున్నారు. నామీద ఏమైనా చేయిస్తున్నారా? చేయిస్తే కాస్త బొద్దుగా అయ్యేట్టు చేయించండి."

చెప్పక తప్పలేదు. "చదువుకోడానికి వెళ్తున్నారా, కాపలాకి వెళ్తున్నారా?" అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకి పోటీ పరీక్షల సంగతి తెలియదు.

సెప్టెంబరు 9, సోమవారం

గణపతి వచ్చాడు. డోలు దళాలు పేఠలోనే సాధన చేస్తున్నాయి. కిటికీలు మూసినా బల్ల అదురుతోంది. ఎనిమిది ప్రశ్నలు. మూడు ఒప్పు. డోళ్ళు లేకపోతే ఎనిమిదీ.

సెప్టెంబరు 12, గురువారం

మార్కెట్లో బంతి, చామంతి కొండలు. అభ్యాసికకి వెళ్ళలేదు.

సెప్టెంబరు 18, బుధవారం

భోకరే కాదు. గణపతికి తొమ్మిది రోజులు వాళ్ళ ఊరు బార్శీ వెళ్ళాడు. ఆ తొమ్మిది రోజుల్లో చుక్కలు పద్దెనిమిది పెరిగాయి.

అయితే పొద్దుటి మనిషి.

ఇన్నాళ్ళూ అటు ఆలోచించలేదు. నా కుర్చీలోనే కూర్చుంటాడు, నా బల్ల మీదే మోచేతులు పెడతాడు. ఎనిమిది గంటల తీరిక. వెళ్ళేప్పుడు కుర్చీని సరిగ్గా బల్ల అంచుకి తోసి వెళ్తాడు. బల్ల మీద ఎరేజర్ పొడి కూడా ఉండదు. అంత శుభ్రం ఎందుకు?

సెప్టెంబరు 19, గురువారం

పదిహేడులో పొద్దున్న ఎవరు కూర్చుంటారని కాకుని అడిగాను. శెనగలు పొట్టు తీస్తోంది, తలెత్తలేదు.

"ఒక పూటవాళ్ళ సంగతి ఇంకో పూటవాళ్ళకి చెప్పను సోపానా. అదే నా నియమం. అతను నీ గురించి అడిగాడా? అడగలేదు. మరి నువ్వెందుకు అడుగుతున్నావ్?"

'అతను' అంది. మగవాడు. ఇంతకంటే దొరకలేదు. నా గురించి అడగలేదంటే, అడగవలసిన అవసరం లేదన్నమాట. పుస్తకమంతా చదువుతున్నాడుగా.

సెప్టెంబరు 21, శనివారం

ఇవాళంతా చుక్కల మీదే గడిచింది. తొంభై నాలుగు. వరసలో ఎన్నెన్నో ప్రశ్నలకి ఉన్నాయో వేరే కాగితం మీద వేసి చూశాను. మూడు, ఐదు, ఐదు, రెండు, ఏడు. లెక్కకి దొరకలేదు. తప్పులన్నిటికీ లేవు. కొన్ని ఒప్పులకి కూడా ఉన్నాయి. చిట్కాల పక్కన ఒక్కటీ లేదు.

చిట్కాలు వదిలేసి వేరేవి ఎత్తుకుపోయే దొంగ ఏం దొంగ?

చదివింది ఏమీ లేదు.

సెప్టెంబరు 24, మంగళవారం

వల వేశాను. పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన గీత గీసి, పెద్ద అక్షరాలతో రాశాను: "నియమం. ఇంగ్లీషు పాసేజీల్లో నాలుగు ఆప్షన్లలో పొడవైనదే సరైనది. రెండు వందల ప్రశ్నలతో పరీక్షించి చూశాను."

అబద్ధం. పరీక్షించలేదు, సరైనదీ కాదు. ఎత్తుకుపోతే పోనీ. వాడి పర్సెంటైల్ దిగితే ఎక్కేది నేను.

పుస్తకం ఎప్పటిలాగే కింది గూట్లో పెట్టి వచ్చాను.

సెప్టెంబరు 29, ఆదివారం

నమూనా పరీక్ష. లెక్కలు 98. ఇంగ్లీషు 61.
రావలసింది: 85.

కారణం తెలుసు. ఒక పాసేజీ పగడపు దిబ్బల గురించి. రచయిత ఏమంటున్నాడని అడిగారు. రెండో ఆప్షన్ అచ్చంగా రచయిత అన్నమాటే. ఇంత తేలిగ్గా ఎందుకిస్తారు? అడుగున నీళ్ళుండాలి. మార్చి నాలుగు పెట్టాను. రెండే సరైనది. ఆ ఒక్కటి అజాగ్రత్త.

అక్టోబరు 4, శుక్రవారం

కళ్ళు మండుతున్నాయి. పదకొండులో ఐదు.

అక్టోబరు 11, శుక్రవారం

రేపు దసరా. తెల్లవారుజామున వచ్చిన బంతి బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. ముప్ఫై ఆరు గంటలు కాటా దగ్గరే ఉన్నాను. శేట్ టీ గ్లాసు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. "నువ్వు అనుమానించిన బస్తాలో ఎప్పుడూ నీళ్ళుంటాయి సోపాన్. నీలాంటివాడు కాలేజీకెళ్ళి ఏం కొలుస్తాడు?" అన్నాడు. మెచ్చుకోలే. ఇంటికొచ్చేదాకా చెవిలో ఉంది.

అక్టోబరు 15, మంగళవారం

శేట్‌ని ఒక పూట సెలవడిగి పొద్దున్న తొమ్మిదింటికి అభ్యాసికకి వెళ్ళాను. చెప్పులు కిందే విప్పి మెట్లు చప్పుడు కాకుండా ఎక్కాను. దొరికితే ఏమనాలో నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను.

పదిహేడులో ఒక ముసలాయన ఉన్నాడు. అరవై ఐదు దాటుంటాయి. తెల్ల ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, మెడలో దారంతో కళ్ళద్దాలు. ఎదురుగా నా తప్పుల పుస్తకం తెరిచి ఉంది. ఎడమ చేతి రెండు వేళ్ళ మధ్య రోహిణి వెంట్రుక జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు. కుడి చేతిలో పెన్సిల్.

తయారు చేసుకున్న నాలుగు వాక్యాలూ దొంగ కోసం చేసుకున్నవి.

ఆయన తలెత్తి నా చూపు ఎక్కడుందో చూశాడు. లేచి నిలబడ్డాడు. పుస్తకం అట్ట మీద నా పేరు చూపించి "మీరేనా కుదళే?" అని మెల్లగా అడిగి, బయట వరండాలోకి రమ్మని సైగ చేశాడు. పుస్తకం, వెంట్రుక రెండూ తెచ్చాడు.

పేరు వామన్ దత్తాత్రేయ సోమణ్. పదో తరగతి బోర్డులో ముప్ఫయ్యేళ్ళు జవాబు పత్రాలు తిరిగి చూసే పని చేసి రిటైరయ్యాడట. చదివినందుకు క్షమించమన్నాడు. దినపత్రిక వచ్చేది ఎనిమిదింటికి, తాను వచ్చేది ఆరింటికి, కంటికి ఏదైనా రాత కనబడితే ఊరుకోలేడట. వెంట్రుక నాకిస్తూ అన్నమాట మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"రోజూ ఇది నలభయ్యో పేజీలో ఉండేది. ఎవరి జ్ఞాపకమో, జారిపోతే మీరు బాధపడతారని మళ్ళీ సరిగ్గా అక్కడే పెట్టేవాణ్ణి. ఒకరోజు కిటికీ గాలికి ఎగిరిపోయింది. గంటసేపు నేల మీద వెతికాను."

వెంట్రుక జేబులో పెట్టుకున్నాను. చుక్కలు ఎందుకన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "చేతి అలవాటు. బోర్డులో మాకు నేర్పిన మొదటి పని అదే. జవాబు చెరిపి మళ్ళీ రాసి ఉంటే పక్కన చుక్క పెట్టాలి. తర్వాత ఎవరైనా మార్చారా, పిల్లవాడే మార్చాడా అని విచారించడానికి. మీ పుస్తకంలో ఎరేజర్ మరకలు చూస్తే నా చెయ్యి ఆగలేదు. రబ్బరుతో తుడిచేస్తాను, ఇవ్వండి."

వద్దన్నాను.

తానూ పరీక్ష రాస్తున్నాడట. లా ప్రవేశ పరీక్ష, వచ్చే వేసవిలో. "ముప్ఫయ్యేళ్ళు ఇంకొకళ్ళ పేపర్లు దిద్దాను. నా పేపరు ఎవరైనా దిద్దితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది" అన్నాడు. నా పరీక్షకీ ఆయన పరీక్షకీ సంబంధమే లేదు. ఆయన వెయ్యి మార్కులు తెచ్చుకున్నా నా పర్సెంటైల్ కదలదు.

వెళ్ళబోతుంటే ఆపాడు. "ఒక సందేహం కుదళేరావ్. ప్రతి తప్పు పక్కనా అజాగ్రత్త అని రాశారు. ఇంత జాగ్రత్తగా చెరిపినవాడు అజాగ్రత్తపరుడెలా అవుతాడు?"

మధ్యాహ్నం మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది.

అక్టోబరు 16, బుధవారం

పుస్తకంలో ఒక్కొక్క కాగితం ఎత్తి ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూశాను. చెరిపిన అక్షరం కింద నొక్కు కనిపిస్తుంది. నేను గట్టిగా నొక్కి రాస్తాను.

చుక్కలు నూట పన్నెండు. అందులో మొదట తప్పు పెట్టి ఒప్పుకి మార్చినవి పద్నాలుగు. తప్పు నుంచి ఇంకో తప్పుకి వెళ్ళినవి ఇరవై ఏడు.

మొదట ఒప్పు పెట్టి చెరిపేసినవి డెబ్భై ఒకటి.

మూడుసార్లు లెక్కపెట్టాను. భోకరే అడ్డం మీదుగా తొంగిచూసి, దొంగనోట్లు చూస్తున్నావా అన్నాడు.

అక్టోబరు 17, గురువారం

డెబ్భై ఒకటి.

పోయిన ఏడాది పరీక్షలో ఆ ఒక్క ప్రశ్న. ఇప్పుడు రాస్తాను. మొదట సరైనదే పెట్టాను. రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. చాలా తేలిగ్గా ఉందనిపించింది.

అక్టోబరు 18, శుక్రవారం

ఎరేజర్ రోహిణికిచ్చాను. దాచమన్నాను. ఎక్కడ దాచిందో అడగొద్దంది. అడగలేదు. పోపుల డబ్బాలో ఉందని తెలుసు.

ఇరవైలో పదిహేను. వచ్చింది: 15. రావలసింది రాయాలంటే ఏం రాయాలో తెలియలేదు. 20 అని రాశాను.

అక్టోబరు 24, గురువారం

మార్చకుండా ఉండడం చెప్పినంత తేలిక కాదు. జవాబు పెట్టి ముందుకెళ్ళాక అది వెనక నుంచి పిలుస్తుంది. వేళ్ళు బల్ల కింద ముడిచి కూర్చుంటున్నాను. బస్తాలో చెయ్యి పెట్టకుండా పక్కకి నెట్టినట్టు ఉంది.

భోకరే టీకి పిలవడం మానేశాడు. నేనే పిలిచాను. ఆదివారం నిజంగా ఎంత వచ్చిందో చెప్పాను. అతను నా మొహంలోకి చూసి నమ్మలేదు. "అయిదు కలిపావా, తీశావా?" అన్నాడు.

అక్టోబరు 28, సోమవారం

ఇవాళ రెండింటికి వెళ్ళేసరికి సోమణ్ సర్ ఇంకా వెళ్ళలేదు. నా కోసమే ఆగాడట. సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఆయన రాసిన నమూనా పరీక్ష.

"మీ పుస్తకంలో ఒక నియమం చూశాను. పొడవైన ఆప్షన్ సంగతి. రెండు వందల ప్రశ్నలతో పరీక్షించానని రాశారు. మీలా కష్టపడేవాడు ఊరికే రాయడని ఈసారి ఇంగ్లీషులో దాని ప్రకారమే పెట్టుకుంటూ పోయాను. తొమ్మిది పోయాయి. నేను సరిగా వాడలేదేమో. మీరెలా వాడతారో చెబుతారా?"

కాగితం మీద తొమ్మిది చోట్ల ఆయన చెరిపి మార్చిన మరకలున్నాయి. మొదట పెట్టినవి తీసేసి, పొడవైనవి పెట్టాడు. నా నియమాన్ని నమ్మి. పక్కన ఆయన చేత్తోనే చుక్కలు.

మా పరీక్షకి మాత్రమే పనికొస్తుందన్నాను.

"అలాగా" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. కుర్చీని బల్ల అంచుకి తోసి వెళ్ళిపోయాడు.

చదవలేదు.

నవంబరు 1, శుక్రవారం

లక్ష్మీపూజ. చామంతి. తామర. నిద్ర లేదు.

నవంబరు 5, మంగళవారం

చెప్పాలి. రేపు.

నవంబరు 6, బుధవారం

చెప్పలేదు. ఆయన కనిపించలేదు. రెండింటికి బదులు రెండున్నరకి వెళ్ళాను.

నవంబరు 7, గురువారం

రోహిణికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"ఆయన మీ వెంట్రుక కోసం నేల మీద వెతికాడు. నా వెంట్రుక కోసం. మీరు ఆయనకి అబద్ధం రాసి పెట్టారు." ఇంతే అంది. పరీక్ష సంగతి, శేట్ సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

నవంబరు 11, సోమవారం

సోమణ్ సర్ చెప్పిన ఇంకో సంగతి ఇవాళ పొద్దున్న గుర్తొచ్చింది. ఆ రోజు వరండాలోనే అన్నాడు. పట్టించుకోలేదు. కొట్టివేత ఉన్న ప్రతి పేపరూ అనుమానాస్పదం కాదట. మార్చిన చోట పక్కన సంతకం ఉంటే అది దిద్దుబాటు. సంతకం లేకపోతేనే విచారణ.

తప్పుల పుస్తకంలో ఆ నియమం పేజీ తీశాను. చింపేద్దామనుకున్నాను. చింపితే ఇన్నాళ్ళూ నేను చెరిపినట్టే అవుతుంది. అందుకని చదవడానికి వీలుగా ఒక్క అడ్డగీత కొట్టాను. కింద రాశాను: "ఇది నిజం కాదు. పరీక్షించలేదు. నా పుస్తకం చదివేవాణ్ణి తప్పుదారి పట్టించడానికి రాశాను." పక్కన ఒక చుక్క పెట్టాను. చుక్క పక్కన సో. కు. అని సంతకం చేశాను.

పుస్తకం కింది గూట్లో పెట్టలేదు. బల్ల మీద, ఆ పేజీయే తెరిచి, వదిలి వచ్చాను.

నవంబరు 12, మంగళవారం

పుస్తకం తెరిచే ఉంది. ఏమీ రాయలేదు. కుర్చీ బల్ల అంచుకి తోసి లేదు.

నవంబరు 13, బుధవారం

అలాగే ఉంది.

నవంబరు 14, గురువారం

కాకుని అడిగాను, సోమణ్ సర్ వస్తున్నాడా అని. నియమం గుర్తుచేస్తుందనుకున్నాను. నా మొహం చూసి, "రెండు రోజుల్నుంచి జ్వరం. ఇవాళ వచ్చాడు" అంది.

పరుగెత్తినట్టే పైకి వెళ్ళాను. పుస్తకం మూసి కింది గూట్లో ఉంది. ఆ పేజీ తీశాను. నా సంతకం పక్కన ఇంకొకటి ఉంది. చిన్న అక్షరాలు, గుండ్రంగా, వేల పేపర్ల మీద పెట్టి పెట్టి అరిగిపోయిన చేవ్రాలు: వా. ద. సో.

ఇంకేమీ లేదు. తిట్టుగానీ, పర్వాలేదనిగానీ. చూశాను అని మాత్రమే.

పాసేజీలు నాలుగు. పదహారులో పదమూడు.

నవంబరు 24, ఆదివారం

పరీక్ష అయింది.

కొంచెం రాస్తాను, లేకపోతే రేపటికి మారిపోతుంది. ఇంగ్లీషులో ఇరవై నాలుగు ప్రశ్నలు. ఎక్కడా వెనక్కి వెళ్ళలేదు. నాలుగుసార్లు మౌస్ దాకా చెయ్యి వెళ్ళింది, తీసుకున్నాను. ఐదోసారి ఆగలేదు. పంతొమ్మిదో ప్రశ్న. పాత రేవు పట్టణాల గురించి. మొదటి ఆప్షన్ పెట్టాను, బాగా నున్నగా ఉంది. ఇక వదిలెయ్యి అనుకున్నాను. కానీ ఇది డెబ్భై ఒకటిలాంటి అనుమానం కాదు. అవి ఊరికే, తేలిగ్గా ఉన్నాయని. ఇందులో ఒక మాట తడిగా ఉంది: 'ఎప్పుడూ' అని ఉంది. పాసేజీలో రచయిత 'తరచు' అన్నాడు. పైకి వెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదివాను. తరచు అనే ఉంది. మూడుకి మార్చాను.

ఒక్కటి మార్చాను. ఒక్కటే.

బయట భోకరే అడిగాడు. తెలియదన్నాను. ఈసారీ నిజమే చెప్పాను, అతను మొదటిసారి నమ్మాడు.

డిసెంబరు 4, బుధవారం

జవాబులు పెట్టారు. మనం ఏది పెట్టామో, ఏది సరైనదో పక్కపక్కనే చూపిస్తారు. ఎక్కడ మార్చామో మాత్రం అందులో ఉండదు. అది నాకే తెలుసు.

నాలుగుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నవాటిలో మూడు ఒప్పు.

పంతొమ్మిది: మూడే సరైనది. అడుగున నిజంగానే నీళ్ళున్నాయి.

రోహిణితో చెప్పాను. "అయితే మొత్తం మీద అనుమానించాలా, అక్కర్లేదా?" అని అడిగింది. చెయ్యి పెట్టి చూడాలి అన్నాను. "చెయ్యి పెట్టకుండానే ఏడు నెలలు అందర్నీ అనుమానించారు" అంది. నాలుగు నెలలే అన్నాను. "మీరు ఎప్పుడూ తక్కువే చెబుతారు కదా."

డిసెంబరు 19, గురువారం

ఫలితాలు.

లెక్కలు 97.8. ఇంగ్లీషు 82.3. మొత్తం 95.9.
వచ్చింది: 82.3. రావలసింది: 91.

రోహిణి ఏడ్చింది. ఎందుకని అడిగితే ఉల్లిపాయలంది. ఉల్లిపాయలు ఇంకా బుట్టలోనే ఉన్నాయి.

కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచేది జనవరిలో. శేట్‌కి చెప్పవలసింది ఈ నెలాఖరులోగా. కనీస హద్దులన్నీ దాటాను. అయినా పిలుపు వచ్చేదాకా ఏదీ నమ్మలేం.

డిసెంబరు 26, గురువారం

సోమణ్ సర్‌కి చెప్పడానికి పొద్దున్న వెళ్ళాను. లెక్కలు చేస్తున్నాడు. రైళ్ళు ఎదురెదురుగా వచ్చే లెక్క ఆయనకి అంతుపట్టడం లేదు. వరండాలో గంటసేపు చెప్పాను. మధ్యలో నా తప్పుల పుస్తకం తనకిస్తానా అని అడిగాడు. చిట్కాల కోసమట.

"అందులో ఒకటి అబద్ధం సర్."

"దాని పక్కన సంతకాలున్నాయిగా. మిగతా వాటికి అక్కర్లేదు."

ఇచ్చేశాను.

డిసెంబరు 30, సోమవారం

శేట్ గద్దె మీద కూర్చుని మల్లె మొగ్గలు అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు. దుకాణం తీసుకోనని చెప్పాను.

"పిలుపు వచ్చిందా?"

ఇంకా లేదన్నాను.

"కాగితం ఏదైనా? ఫోను?"

లేదన్నాను.

"నువ్వా ఈ మాట అంటున్నది? బస్తా విప్పకుండా తూకం వేసినవాడివి కాదే." తర్వాత మొగ్గలు బుట్టలో పోసేసి, జూన్ దాకా కాటా దగ్గరే ఉండు, ఆలోపు మంచివాణ్ణి వెతుకు, నీకన్నా తక్కువ అనుమానం ఉన్నవాణ్ణి మాత్రం తేకు అన్నాడు.

ఇంటికొచ్చి ఈ డైరీ తీశాను. పంతొమ్మిదో తారీఖు దగ్గర రాసింది కనిపించింది. తొంభై ఒకటి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరిస్తారు? ఎరేజర్ పోపుల డబ్బాలో ఉంది. తీయలేదు. ఒక్క అడ్డగీత కొట్టాను, కింద ఏముందో కనబడేట్టుగా.

రావలసింది: కొట్టివేయబడింది. • సో. కు.